అన్నం ముద్ద జన్యువుకు ఏం చెబుతుంది?

ఓ.పి.లో బి.పి. చూస్తున్నప్పుడు, షుగరు పరీక్షకు రక్తం తీస్తున్నప్పుడు మేము దాదాపు రోజూ వినే మాట ఒకటుంది. “మా వంశంలోనే ఉందండి షుగరు. నాన్నగారికి ఉండేది, మేనత్తకి ఉంది, ఇప్పుడు నాకూ వచ్చింది. రక్తంలో ఉన్నదానికి నోరు కట్టేసుకుంటే మాత్రం ఏమవుతుందండీ?” అని అడుగుతారు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగం గురించి ఈ నెల రాయాలనుకున్నాం.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం, మేము కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో, నలభై ఏళ్ళ ఒక తల్లి ఇదే ప్రశ్న అడిగారు. వార్డు నిండా పేషెంట్లు, చేతిలో ఇంజక్షన్ల ట్రే. “రక్తంలోనే ఉందమ్మా, ఏం చేస్తాం, మాత్రలు వేసుకోండి” అనేసి ముందుకు వెళ్ళిపోయాం. ఆవిడ చెవిన పడింది “ఏం చేస్తాం” అన్న మాట ఒక్కటే. మాత్రలు కొన్నాళ్ళు వాడి మానేశారట. ఆరేడేళ్ళ తర్వాత కాలి పుండుతో వచ్చారు, అప్పటికి ఒక కన్ను చూపు మసకబారింది. “మీరే కదా సిస్టరు గారూ ఏం చేయలేమన్నారు” అని ఆవిడ మామూలుగానే అన్నారు, కోపంగా కాదు. అప్పటి నుంచి వంశం, రక్తం అనే మాటలు ఎవరన్నా సరే మేము ట్రే కింద పెట్టి మాట్లాడుతున్నాం.

పుస్తకం ఒకటే, పాడే పాటలు వేరు

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే సన్నని పోగు ఉంటుంది. (పూర్తిగా ఎదిగిన ఎర్ర రక్తకణంలో మాత్రం ఉండదు.) తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన ఆ పోగు మీద ప్రోటీన్లు తయారుచేసే సూచనలు ఉంటాయి. వాటినే జన్యువులు అంటున్నాం. మనిషిలో ఇలాంటివి సుమారు 20,000. కంటి కణంలోనూ, కాలేయ కణంలోనూ, కాలి వేలి చర్మంలోనూ ఉన్నది అదే పోగు. మరి కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఎందుకు ఉన్నాయి?

మనం ఆదివారం గుడికి తీసుకెళ్ళే పాటల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. అందరి చేతిలో ఉన్నది ఒకే పుస్తకం, అందులో వందల పాటలు. కానీ ఆ పూట పాడేది నంబరు చెప్పిన నాలుగైదు పాటలే. మిగతావి పుస్తకంలోనే ఉంటాయి, నోటికి రావు. కణం కూడా అంతే. కాలేయ కణం తనకు కావలసిన జన్యువులను తెరిచి చదువుతుంది, మిగిలినవి మూసి ఉంచుతుంది. ఇలా ఏ జన్యువు ఎప్పుడు, ఎంత చదవబడుతుందన్నదాన్ని శాస్త్రవేత్తలు జన్యు వ్యక్తీకరణ అంటారు. వంశంలో వచ్చేది పుస్తకం. నంబరు చెప్పేవారు మాత్రం చాలామంది: హార్మోనులు, వయసు, పక్క కణాలు, జబ్బులు. వారిలో ఒకరు మనం తిన్న తిండి.

తిండి నేరుగా వెళ్ళి జన్యువును ముట్టుకోదు. తిన్నది అరిగి, రక్తంలో కలిసి, కణంలోకి చేరి, అక్కడ ముక్కలై శక్తిగా, కొత్త పదార్థాలుగా మారుతుంది. కణంలో జరిగే ఈ వంటంతటినీ కలిపి జీవక్రియ అంటారు. వంటింట్లో ఏం సరుకు ఉంది, ఏం నిండుకుంది అన్న కబురు అక్కడి నుంచే జన్యువులకు చేరుతుంది.

ఈ సంగతి మొదట బయటపడింది మనిషిలో కాదు, మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనే సూక్ష్మజీవిలో. పారిస్‌లో జాక్ మొనో అనే శాస్త్రవేత్త దానికి గ్లూకోజు, పాలలో ఉండే చక్కెర, రెండూ కలిపి పెట్టి చూశారు. అది ముందు గ్లూకోజంతా తినేసింది. అంతవరకు పాల చక్కెరను అరిగించే జన్యువు మూసే ఉంది. గ్లూకోజు అయిపోయాక కొంతసేపు ఊరుకుని, అప్పుడు ఆ జన్యువును తెరిచింది. మిఠాయి అయిపోయాకే అన్నం కంచం వైపు చూసే పిల్లవాడిలాగే. ఆ మూత ఎలా పడుతుంది, ఎలా తెరుచుకుంటుంది అన్నది మొనో, ఫ్రాన్స్వా జాకబ్ కలిసి 1961లో వివరించారు. 1965లో వారిద్దరికీ, ఆంద్రె ల్వోఫ్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒక్క కణంతో బతికే జీవికే ఇంత లెక్క ఉంటే, మన శరీరంలో ఎంత ఉంటుందో ఆలోచించండి.

దారపు రీళ్ళు, బంక చీటీలు

ఒక్క కణంలోని డి.ఎన్.ఎ. పోగును సాగదీస్తే సుమారు రెండు మీటర్ల పొడవు వస్తుంది. కంటికి కనబడని కణంలో అది పట్టాలంటే చుట్టి పెట్టాలి. అందుకే అది హిస్టోనులు అనే చిన్న ప్రోటీన్ల చుట్టూ చుట్టుకొని ఉంటుంది, కుట్టుమిషను దగ్గర దారం రీళ్ళకు చుట్టినట్టు. గట్టిగా బిగించి చుట్టిన చోట జన్యువు చదవడానికి వీలుపడదు. వదులుగా ఉన్న చోట చదవవచ్చు.

ఆ వదులు చేసే పనిలో ముఖ్యమైనది ఎసిటైల్ అనే చిన్న ముక్క. హిస్టోను మీద అది అతుక్కుంటే చుట్టు వదులవుతుంది. ఈ ముక్క ఎక్కడి నుంచి వస్తుంది? మనం తిన్న అన్నం, చక్కెర, నూనె కణంలో విరిగినప్పుడు పుట్టే ఎసిటైల్ కో-ఎ అనే పదార్థం నుంచి. 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, కణానికి అందే గ్లూకోజును బట్టి హిస్టోనుల మీద ఈ ముక్కలు పెరగడం, తగ్గడం చూపించారు. అన్నం ముద్ద జన్యువు దాకా వెళ్ళే దారుల్లో ఇది ఒకటి.

రెండో దారి మిథైల్ అనే ముక్కది. ఇది నేరుగా డి.ఎన్.ఎ. మీదనే అతుక్కుంటుంది. పాటల పుస్తకంలో ఒక పేజీ మీద బంక చీటీ అంటించినట్టు, సాధారణంగా అది అంటుకున్న జన్యువు మూతపడుతుంది. ఈ మిథైల్ ముక్కలు తయారవ్వాలంటే మెథియోనిన్ అనే ప్రోటీను భాగం కావాలి, దాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకునేందుకు ఫోలిక్ ఆసిడ్, విటమిన్ బి-12 కావాలి. గుడ్డు పచ్చసొనలో బాగా ఉండే కోలిన్ కూడా ఈ పనికి వస్తుంది. అంటే గర్భిణి చేతిలో మేము పెట్టే ఆ చిన్న మాత్ర రక్తం పెంచడంతో ఆగిపోదు. బిడ్డ కణాల్లో ఏ పేజీ తెరవాలి, ఏ పేజీ అంటించాలి అనే పనికి కావలసిన సరుకు కూడా అదే.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఫోలిక్ ఆసిడ్ మాట వచ్చింది కాబట్టి మనవాడైన ఒక పెద్దాయన గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆయన సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం లేక మనిషి క్షీణించిపోయే జబ్బు అది. హార్వర్డులో ఫిస్కె అనే ఆచార్యుడితో కలిసి కణంలో శక్తి నిలవ ఉండే ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో గుర్తించిన వారిలో ఆయన ఒకరు. కణం వంటింట్లో పొయ్యి మంట లాంటిది ఎ.టి.పి. తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ జబ్బుకు పనిచేసే మందు అదే కావడం ఆయన జీవితంలో విశేషం. 1948లో, 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు.

ఫోలిక్ ఆసిడ్ ఉందన్న ఆచూకీ అంతకు ముందే మన దేశంలోనే దొరికింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో మిల్లు కార్మికుల కుటుంబాల్లోని గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారం పెడితే అది తగ్గుతుందని 1931లో రాశారు. ఆ సారంలో ఉన్న మేలు చేసే పదార్థమే తర్వాత ఫోలిక్ ఆసిడ్ అని తేలింది.

సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆసిడ్ పనిని అడ్డుకునే మందులు కూడా తయారుచేసింది. అందులో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో ఉంది. కీళ్ళవాతానికి వాడేవారు ఈ పత్రిక చదువుతుంటే ఒక్క మాట. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. దానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ ఆసిడ్ వేరే రోజున వేసుకోవాలి. రెండూ చిన్నగా పసుపు రంగులో ఉండవచ్చు, మారిపోతాయి. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. గర్భం కోసం చూస్తున్న ఆడపిల్లలు డాక్టరుకు చెప్పకుండా అసలు ముట్టుకోకూడదు.

ఎలుకలు, తేనెటీగలు, ఆకలి చలికాలం

తిండి మారితే పేజీలు నిజంగా మారతాయా? 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాటర్‌లాండ్, జర్టిల్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పసుపు బొచ్చు ఉండే ఒక జాతి ఎలుకలున్నాయి. అవి లావెక్కుతాయి, షుగరు తెచ్చుకుంటాయి. గర్భంతో ఉన్న తల్లి ఎలుకలకు ఫోలిక్ ఆసిడ్, బి-12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెట్టారు. వాటికి పుట్టిన పిల్లల్లో చాలా వాటికి బొచ్చు గోధుమ రంగులోకి మారింది. జన్యువు మారలేదు, అదే పుస్తకం. కానీ ఆ ఒక్క పేజీ మీద బంక చీటీ బాగా అంటుకుంది.

తేనెటీగల్లో ఇంకా వింత. రాణీ ఈగ, పనిచేసే ఈగ ఒకే రకం పిల్లపురుగుల నుంచే వస్తాయి. రాణి కావలసినదానికి పెరిగినంత కాలం రాయల్ జెల్లీ అనే ప్రత్యేకమైన పాల వంటి మేత దొరుకుతుంది, అంతే తేడా. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పిల్లపురుగుల్లో మిథైల్ ముక్కలు అంటించే ఒక జన్యువును ఆపేసి చూస్తే, రాజభోగం లేకుండానే ఎక్కువ భాగం రాణులుగా ఎదిగాయి.

ఎలుక సంగతి ఎలుకది, ఈగ సంగతి ఈగది, మనిషికి ఏమిటి అంటారు. మనుషుల మీద ఇలాంటి ప్రయోగం ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. కానీ యుద్ధం ఆ పని చేసింది. 1944 శరత్కాలంలో నెదర్లాండ్స్ దేశంలో రైల్వే వారు సమ్మె చేస్తే, దేశాన్ని ఆక్రమించుకొని ఉన్న జర్మనీ సేనలు పడమటి పట్టణాలకు తిండి రాకుండా అడ్డుకున్నాయి. దానికి తోడు ఘోరమైన చలి. ఆ ఏడాది చివరికల్లా మనిషికి ఇచ్చే రేషను రోజుకు 1,000 కెలోరీల కంటే తగ్గింది, కొన్ని వారాల్లో అందులో సగం కూడా లేదు. జనం తులిప్ పూల దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. 1945 మే నెలలో విడుదల వచ్చేదాకా ఇదే గతి. సుమారు 20,000 మంది చనిపోయారని లెక్క.

ఆ దేశంలో ఒక మంచి అలవాటు ఉంది. పుట్టిన బిడ్డ బరువు, తల్లి వివరాలు ఆ కష్టకాలంలో కూడా రిజిస్టర్లలో రాసి పెట్టారు. (మా నర్సులకు రిజిస్టరు రాయమంటే విసుక్కునేవారికి మేము ఈ కథే చెబుతాం.) ఆ రిజిస్టర్లు పట్టుకుని ఆ బిడ్డలను పెద్దయ్యాక వెతికి పట్టుకున్నారు. కడుపులో ఉండగా ఆ ఆకలి తగిలినవారికి యాభై ఏళ్ళ వయసులో గ్లూకోజు తట్టుకునే శక్తి తక్కువగా ఉందని 1998లో తేలింది. 2008లో లైడెన్, కొలంబియా విశ్వవిద్యాలయాల వారు ఇంకో అడుగు వేశారు. తల్లి గర్భంలో పడిన కొత్తలోనే ఆకలి తగిలిన 60 మందిని, వారి సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో పోల్చారు. బిడ్డ ఎదుగుదలకు సంబంధించిన ఐ.జి.ఎఫ్.-2 అనే జన్యువు మీద మిథైల్ చీటీలు వీరిలో తక్కువగా ఉన్నాయి. అరవై ఏళ్ళు గడిచాక కూడా ఆ చలికాలం గుర్తు వారి రక్తకణాల్లో ఉంది. గర్భం చివరి నెలల్లో ఆకలి తగిలినవారిలో ఆ తేడా కనబడలేదు. తొలి వారాల్లో బిడ్డ తన పాత చీటీలన్నీ చాలావరకు చెరిపేసుకుని కొత్తవి అంటించుకుంటుంది, కాబట్టి ఆ వేళ సరుకు ముఖ్యమని శాస్త్రవేత్తల ఆలోచన. ఒక్క విషయం మర్చిపోకండి. వారిలో తేడా చిన్నది. అందరికీ జబ్బులు రాలేదు.

మన దేశంలోని తల్లుల మాట

మహారాష్ట్రలో పూణే దగ్గర ఆరు గ్రామాల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి బృందం 1993 నుంచి తల్లులను, వారి పిల్లలను గమనిస్తూ వచ్చింది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2 కిలోల 700 గ్రాములు, ఇంగ్లండు బిడ్డలది మూడున్నర కిలోలు. మన బిడ్డలు సన్నగా కనిపించినా, కండ తక్కువై, చర్మం కింద కొవ్వు మాత్రం బరువుకు మించి ఉంది. పైకి సన్నం, లోపల కొవ్వు. పెద్దయ్యాక మన వారికి అంత లావు లేకుండానే షుగరు ఎందుకు వస్తుందో అర్థం చేసుకోవడానికి ఇది ఒక ఆధారం.

ఆ తల్లుల్లో మూడింట రెండు వంతుల మందికి బి-12 తక్కువగా ఉంది. 2008లో వారు ప్రకటించిన ఫలితం ఇంకా ఆలోచింపజేస్తుంది. రక్తంలో ఫోలిక్ ఆసిడ్ ఎక్కువగా ఉండి బి-12 తక్కువగా ఉన్న తల్లుల బిడ్డలకు, ఆరేళ్ళ వయసులోనే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని లక్షణం మిగతావారి కంటే ఎక్కువగా కనబడింది. మిథైల్ ముక్కలు తయారుచేసే బండికి రెండు ఎద్దులు ఫోలిక్ ఆసిడ్, బి-12. ఒకదానికే మేత వేస్తే బండి నేరుగా నడవదు.

ఇది చదివి ఫోలిక్ ఆసిడ్ మాత్రలు మానేస్తే మాత్రం పెద్ద ప్రమాదం. బిడ్డ వెన్నెముక గొట్టం గర్భం దాల్చిన నాలుగు వారాల్లోపే మూసుకుపోవాలి. చాలామందికి అప్పటికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. ఒకసారి అలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లులకు తర్వాతి గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ ఇస్తే, మళ్ళీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వారి పరిశోధనలో తేలింది. కాబట్టి మాత్ర వేసుకోవాలి, దానితోపాటు బి-12 ఉన్న తిండి కూడా తినాలి. బి-12 ఆకుకూరల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలో ఉంటుంది. శాకాహారులు పాలు పెరుగు గట్టిగా తీసుకోవాలి, అవసరమైతే డాక్టరు గారు మాత్ర రాస్తారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవారికి కూడా బి-12 తగ్గుతుంది. అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు ఉంటే షుగరు వల్లే అనుకుని ఊరుకోకుండా ఈ పరీక్ష గురించి అడగండి. ఫోలిక్ ఆసిడ్ తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో ఉంటుంది. ఆకుకూర నీళ్ళు పోసి గంటసేపు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే మిగిలేది పీచు.

ఈ లెక్కలన్నీ ఒకవైపు, మన ఇళ్ళలో మాట ఇంకోవైపు. “ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది.” “ఐరన్ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది.” “గుడ్డు వేడి.” ఈ మూడు మాటలతో ఎంతమంది ఆడపిల్లలు ఎండిపోయారో మేము చూశాం. మొన్నామధ్య అయిదో నెల గర్భిణిని ఆమె అత్తగారు తీసుకొచ్చారు. అమ్మాయి నెలరోజుల్లో ఒక్క కిలో కూడా పెరగలేదు. మాత్రల అట్ట తెరవకుండానే ఉంది. అత్తగారు మా వయసు మనిషే, ప్రేమలేని మనిషి కాదు. “నా మొదటి కాన్పుకి రెండు రోజులు నొప్పులు పడ్డానండి. నా కోడలికి ఆ బాధ వద్దని నేనే చూసి పెడుతున్నాను” అన్నారు. భయంతో చేస్తున్న పని అది. “అక్కా, కాన్పు కష్టం కావడానికి చాలా కారణాలుంటాయి, అది చూసుకోవడానికి ఇక్కడ డాక్టర్లు, ఆపరేషన్ థియేటరు ఉన్నాయి. కడుపులో ఉండగా పిల్లకు అందని తిండిని తర్వాత ఏ థియేటర్లోనూ ఎక్కించలేం” అన్నాం. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మాత్ర భోజనం ముందా, తర్వాతా అని మాత్రం అడిగారు. టీ, కాఫీలతో కాకుండా, కాల్షియం మాత్రతో కలపకుండా వేయమన్నాం.

షుగరుకు జ్ఞాపకశక్తి ఉంది

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. అమెరికా, కెనడాలలో 1983 నుంచి 1993 దాకా, చిన్న వయసులో ఇన్సులిన్ అవసరమయ్యే రకం షుగరు ఉన్న 1,441 మంది మీద పెద్ద పరిశోధన జరిగింది. సగం మందికి షుగరు గట్టిగా అదుపులో పెట్టారు, సగం మందికి అప్పటి మామూలు వైద్యం. గట్టిగా అదుపు చేసినవారిలో కన్ను, మూత్రపిండం, నరాల జబ్బులు బాగా తగ్గాయి. తర్వాత అందరికీ గట్టి వైద్యమే నేర్పారు. కొన్నేళ్ళకు రెండు గుంపుల మూడు నెలల షుగరు సగటు ఒకటే అయింది. కానీ మొదటి పదేళ్ళు షుగరు ఎక్కువగా ఉన్నవారికి ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కన్ను, కిడ్నీ జబ్బులు ఎక్కువగా వచ్చాయి. కణాలకు పాత షుగరు గుర్తుంది! దీన్ని జీవక్రియ జ్ఞాపకం అన్నారు.

ఆ జ్ఞాపకం ఎక్కడ దాగి ఉందని కాలిఫోర్నియాలో రమా నటరాజన్ గారి బృందం వెతికింది. ఆ పాత రోగుల నుంచి దాచి ఉంచిన రక్తాన్ని పరీక్షిస్తే, హిస్టోనుల మీద, డి.ఎన్.ఎ. మీద ఉన్న చీటీలు రెండు గుంపుల్లో తేడాగా ఉన్నాయి. కొన్ని మిథైల్ గుర్తులు ఏళ్ళు గడిచినా అలాగే నిలిచి ఉన్నాయని 2016లో ప్రకటించారు. మూల కారణం అంతా ఇదేనని ఎవరూ అనడం లేదు, కానీ ఎక్కువ షుగరు వాపు కలిగించే జన్యువుల పేజీలు తెరిచి పెట్టి పోతుందనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. పెద్ద వయసులో వచ్చే షుగరులో కూడా, మొదట్లో గట్టిగా అదుపు చేసుకున్నవారికి పదేళ్ళ తర్వాత గుండెపోట్లు, మరణాలు తక్కువని బ్రిటన్ పరిశోధన 2008లో చూపింది.

అందుకే కొత్తగా షుగరు బయటపడినవారిని మేము ఎక్కువగా విసిగిస్తాం. “ఇప్పుడు నాకేం బాధ లేదు కదండీ, కాలో కన్నో పట్టినప్పుడు చూద్దాం” అంటే ఒప్పుకోం. మొదటి సంవత్సరాలే చాలా విలువైనవి. అలాగని పదిహేనేళ్ళుగా ఉన్నవారు ఇక లాభం లేదని మానేయకండి. ఈ రోజు తగ్గించుకున్న షుగరు ఈ రోజు నుంచే మేలు చేస్తుంది. ఆ మేలు కనబడడానికి కొంచెం ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

చిన్న పిల్లలకు వచ్చే షుగరు విషయంలో తల్లిదండ్రులను ఎవరూ వేలెత్తి చూపకండి. అది తల్లి తిన్న తిండి వల్ల వచ్చింది కాదు. ఆకలి రోజుల్లో బిడ్డను మోసిన తల్లి కూడా నేరం చేయలేదు. ఇంకొకటి, “మీ జన్యువులను బాగుచేస్తాం” అని పొడి డబ్బాలు అమ్మేవారు ఇప్పుడు ఊళ్ళలోకి కూడా వస్తున్నారు. ఒక డబ్బా ఖరీదుతో ఇంటిల్లిపాదికీ నెలరోజులు గుడ్లు, పాలు వస్తాయి. ఏ పేజీ తెరవాలో, ఏది మూయాలో ఎంచి చేసే పొడి ఇంకా ఎవరి దగ్గరా లేదు.

కాలి పుండుతో వచ్చిన ఆ తల్లి ఆ తర్వాత చాలా ఏళ్ళు మా దగ్గరకు వస్తూనే ఉన్నారు. రెండో కన్ను దక్కింది. వచ్చినప్పుడల్లా తన కూతుళ్ళిద్దరినీ కూడా పరీక్షకు కూర్చోబెట్టేవారు.

అత్తాకోడళ్ళు మరుసటి నెల వచ్చారు. కోడలు కిలోన్నర పెరిగింది. అత్తగారి సంచిలో చిన్న స్టీలు డబ్బా, అందులో ఒలిచిన రెండు ఉడికిన గుడ్లు. “పచ్చసొన కూడా పెట్టవచ్చా సిస్టరు గారూ, వేడి కదా?” అని అడిగారు. పెట్టమన్నాం. అక్కడే, తూకం బల్ల పక్కనే కూర్చోబెట్టి తినిపించారు.